కనెక్షన్ స్ట్రింగ్ ఎక్కడ ఉండాలి, ఎవరి కంట పడాలి

విశాఖపట్నంలో రొయ్యలను శుద్ధిచేసి ఎగుమతి చేసే ఒక సంస్థకు కొన్నేళ్ల క్రితం మేము తూకాల నమోదు కోసం ఒక చిన్న వెబ్ అప్లికేషన్ తయారుచేసి ఇచ్చాము. ఒక మధ్యాహ్నం అక్కడి తూకం గుమస్తా ఫోను చేసి, “సార్, మేము దింపని సరుకు కంప్యూటర్లోకి ఎలాగొచ్చిందండి? నలభై పెట్టెలు చూపిస్తోందండి. పార్టీ పేరు చూస్తే ‘టెస్ట్ టెస్ట్’ అని ఉంది” అన్నాడు. ఋషికొండలోని మా కార్యాలయంలో కొత్తగా చేరిన కుర్రవాడు ఆ ఉదయమే తన ల్యాప్‌టాప్‌లో తూకాల పేజీని పరీక్షిస్తూ నలభై ఉత్తుత్తి నమోదులు చేశాడు. తన ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాము తన ల్యాప్‌టాప్‌లోని డేటాబేసుతోనే మాట్లాడుతోందని అతను అనుకున్నాడు, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అతను గిట్ నుంచి, అంటే కోడునూ అందులో జరిగిన ప్రతి మార్పునూ నిలిపి ఉంచే ఉమ్మడి నిల్వ నుంచి, దించుకున్న కోడులో ఉన్న కాన్ఫిగ్ ఫైలు (ప్రోగ్రాము సెట్టింగులు రాసి ఉండే ఫైలు) అసలు సర్వరు చిరునామాను, దాని పాస్‌వర్డుతో సహా, మోసుకొని వచ్చింది. ఎప్పుడో ఒక అర్ధరాత్రి తొందరలో ఆ వరుసను ఆ ఫైలులో రాసి గిట్‌లోకి ఎక్కించినవాణ్ని నేనే.

ఆ వరుసనే కనెక్షన్ స్ట్రింగ్ అంటారు. వెబ్ అప్లికేషన్, డేటాబేసు రెండూ వేరువేరు ప్రోగ్రాములు, చాలాసార్లు వేరువేరు యంత్రాల మీద నడుస్తాయి. కాబట్టి అప్లికేషన్ తాను ఏ యంత్రాన్ని పిలవాలో, ఆ యంత్రంలో ఏ పోర్టును, అంటే ఏ సంఖ్య గల తలుపును, తట్టాలో, లోపల ఏ డేటాబేసు కావాలని అడగాలో, తనను ఎవరని చెప్పుకోవాలో, ఆ మాటకు రుజువుగా ఏ పాస్‌వర్డు చూపాలో ముందే తెలిసి ఉండాలి. పోర్టు సంఖ్య ప్రత్యేకంగా రాయకపోతే మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఎస్‌క్యూఎల్ సర్వరుకు 1433 అని లైబ్రరీలు తామే అనుకుంటాయి. ఈ సమాచారమంతా ‘సర్వర్=10.0.4.12; డేటాబేస్=తూకాలు; యూజర్=తూకం_వెబ్; పాస్‌వర్డ్=...; టైమవుట్=15’ అన్న తీరులో సెమీకోలన్ల మధ్య ఒకే వరుసగా కూర్చుంటుంది. వెబ్ అప్లికేషన్ తయారీకి వాడే పనిముట్టును బట్టి ఇది ఉండే ఫైలు మారుతుంది: ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ఇది వెబ్ డాట్ కాన్ఫిగ్‌లోనో యాప్‌సెట్టింగ్స్ డాట్ జేసన్‌లోనో ఉంటుంది, వర్డ్‌ప్రెస్‌లో డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో నాలుగు వేరు వరుసలుగా ఉంటుంది, లారావెల్‌లో డాట్ ఎన్వ్ అనే ఫైలులో, స్ప్రింగ్ బూట్‌లో అప్లికేషన్ డాట్ ప్రాపర్టీస్‌లో ఉంటుంది. రూపాలు మారినా సరుకు ఒకటే.

చిక్కంతా ఆ సరుకులోనే ఉంది. చూడడానికి ఒకే వరుస అయినా, అందులో మూడు వేరువేరు జాతుల విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది చిరునామా, అంటే డేటాబేసు ఎక్కడ ఉందన్న సంగతి. ఇది యంత్రం మారినప్పుడు మారుతుంది, తెలిసినవారి సంఖ్య ఎక్కువైనా పెద్ద ప్రమాదం లేదు. రెండవది నడవడి, అంటే ఎంతసేపు ఎదురుచూడాలి, ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉంచాలి అన్న లెక్కలు; ఇవి అప్లికేషన్ రాసినవారికే బాగా తెలుస్తాయి, కాబట్టి కోడుతో పాటు గిట్‌లో ఉంటేనే మంచిది. మూడవది రహస్యం, అంటే పాస్‌వర్డు. ఇది మనుషులు ఉద్యోగాలు మారినప్పుడల్లా మారాలి, ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మేలు. మారే కాలం, మార్చే మనిషి, చూడదగినవారు, ఈ మూడింటిలోనూ పొంతన లేని విషయాలను ఒకే వరుసలో, ఒకే ఫైలులో పెట్టి, ఆ ఫైలు గిట్‌లో ఉండాలా వద్దా అని వాదించుకుంటే తెగదు. గిట్‌లో ఉండాలన్నవారు మొదటి రెండింటిని దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతుంటారు, వద్దన్నవారు మూడవదాన్ని.

చిరునామా సంగతి

చిరునామాను కోడులో నేరుగా రాయకూడదన్నది ఇప్పుడు చదువుకునే పిల్లలకు కూడా తెలుసు. కాన్ఫిగ్ ఫైలులోకి మార్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదని నాకు తెలిసింది మాత్రం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని దాటిన తరువాతి వారంలో. ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు సరిగా లేవు, జనరేటరు మీద ఎంతకాలం నెట్టుకురాగలమో తెలియదు. అందుకని అప్పట్లో మేము మా కార్యాలయంలోనే నడుపుతున్న డేటాబేసును హైదరాబాదులోని ఒక డేటా సెంటరుకు తరలించాము. తరలింపు ఒక రాత్రిలో అయిపోయింది. పాత ఐపీ అంకెలు రాసి ఉన్న కాన్ఫిగ్ ఫైళ్లను వెతకడానికి మూడు రోజులు పట్టింది. వెబ్‌సైటు ఫైలు దొరికింది, రిపోర్టుల ప్రోగ్రాముది దొరికింది, ఎస్ఎంఎస్‌లు పంపే చిన్న సర్వీసుది మాత్రం సర్వీసు ఆగిపోయిందని కస్టమర్లు చెబితే గాని దొరకలేదు. అంకెలకు బదులు అన్ని ఫైళ్లలోనూ ఒక పేరు రాసి, ఆ పేరుకు అంకెలు ఏవో డీఎన్ఎస్‌లో ఒక్కచోట చెప్పి ఉంటే, మార్చవలసినది ఒక్క నమోదు మాత్రమే. అప్పటి నుంచి నా కాన్ఫిగ్ ఫైళ్లలో ఐపీ అంకెలు రాయలేదు.

పేర్లలో కూడా లోకల్‌హోస్ట్ అన్నది మాయలమారి. లినక్స్ మీద మైఎస్‌క్యూఎల్ క్లయింటుకు లోకల్‌హోస్ట్ అని చెబితే అది నెట్‌వర్కు దారిని వదిలి అదే యంత్రంలోని యూనిక్స్ సాకెట్ ఫైలు గుండా వెళుతుంది, 127.0.0.1 అని చెబితే టీసీపీ దారిన పోర్టుకు వెళుతుంది. ఒకే యంత్రానికి రెండు పేర్లని మనం అనుకుంటాము గాని, అవి రెండు వేరు దారులు, కాబట్టి ఒకటి పనిచేసి మరొకటి పనిచేయని సందర్భాలు వస్తాయి. అప్లికేషన్‌ను డాకర్ కంటైనరులో, అంటే యంత్రంలోనే విడిగా కట్టిన ఒక గదిలాంటి దానిలో, పెట్టినప్పుడు మరో మలుపు: లోకల్‌హోస్ట్ అంటే ఇప్పుడు ఆ కంటైనరే గాని దాన్ని మోస్తున్న యంత్రం కాదు. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము కంటైనరులోకి వెళ్లగానే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని మొరాయించిందంటే, పది సార్లలో ఎనిమిది సార్లు నేను మొదట చూసేది ఈ మాటనే.

ఇక, తూకాల నమోదులో జరిగిన పొరపాటుకు అసలు కారణం మరొకటి, అది ఇంకా లోతైనది. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ కాన్ఫిగరేషన్‌ను పొరలుగా చదువుతుంది. ముందు యాప్‌సెట్టింగ్స్ డాట్ జేసన్ అనే ఉమ్మడి ఫైలు, దాని మీద డెవలప్‌మెంట్ (తయారీ), ప్రొడక్షన్ (అసలు వాడకం) వంటి పరిసరానికి తగిన ఫైలు, డెవలప్‌మెంట్‌లో అయితే దాని మీద యూజర్ సీక్రెట్స్ (డెవలపరు యంత్రంలో కోడు ఫోల్డరుకు బయట ఉండే ఫైలు), ఆపైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు (ప్రోగ్రాము మొదలైనప్పుడు దాని పరిసరం నుంచి అందే పేరు-విలువ జతలు), అన్నిటికీ పైన కమాండ్ లైనులో ఇచ్చినవి. పై పొరలో ఒక విలువ ఉంటే అది కింది పొర విలువను కప్పేస్తుంది. పై పొరలో లేకపోతే కిందిదే చెల్లుతుంది. మా కుర్రవాడి దగ్గర డెవలప్‌మెంట్ ఫైలు లేదు, ఎందుకంటే దాన్ని గిట్‌లోకి ఎక్కించకూడదని మేమే నియమం పెట్టుకున్నాము. పై పొర లేకపోయేసరికి ప్రోగ్రాము ఏ హెచ్చరికా ఇవ్వకుండా కింది పొరలోకి జారి, నేను అక్కడ వదిలిన ప్రొడక్షన్ వరుసను పట్టుకుంది. కార్యాలయం నెట్‌వర్కు నుంచి ఆ సర్వరుకు దారి కూడా తెరిచే ఉంది. పొరల పద్ధతి చాలా సౌకర్యమైనదే, కాని అడుగు పొరలో ఏది ఉంచుతామో దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అడుగు పొరలో కనెక్షన్ స్ట్రింగ్ ఖాళీగా ఉంటే ప్రోగ్రాము మొదలవ్వగానే పడిపోతుంది, కుర్రవాడు ఐదు నిమిషాలు విసుక్కొని సీనియరును అడుగుతాడు. అలా పడిపోవడమే మనకు కావలసినది.

నడవడి లెక్కలు

దీని గురించి ఎక్కువ చెప్పను, కాని రెండు విషయాలు దాటవేయలేను. ప్రతి అభ్యర్థనకూ కొత్త కనెక్షన్ తెరవడం ఖరీదైన పని కనుక, తెరిచిన కనెక్షన్లను మూసేయకుండా ఒక పూల్‌లో ఉంచి మళ్లీ మళ్లీ వాడుకుంటారు. డాట్ నెట్‌లో ఎస్‌క్యూఎల్ సర్వరుకు వెళ్లే పూళ్లు కనెక్షన్ స్ట్రింగ్‌లోని అక్షరాలను బట్టే ఏర్పడతాయి. రెండు స్ట్రింగులకు అర్థం ఒకటే అయినా, ఒకదానిలో యూజర్ ముందు, మరొకదానిలో డేటాబేస్ ముందు రాసి ఉంటే రెండు వేరు పూళ్లు తయారవుతాయి, ఒక్కోదానికి గరిష్ఠ పరిమితి 100. ఒకే వరుసను మూడు ఫైళ్లలో చేత్తో టైపు చేసే అలవాటు ఇలా కూడా మూల్యం అడుగుతుంది.

రెండవది, ఈ పరిమితిని ఒక్క అప్లికేషన్‌ను దృష్టిలో పెట్టుకొని రాస్తాము, భరించేది మాత్రం డేటాబేసు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లకు ఒప్పుకుంటుంది, అందులో 3 నిర్వాహకుల కోసం పక్కన పెట్టినవి. కాన్ఫిగ్ ఫైలులో పూల్ పరిమితి 30 అని రాసి, సీజనులో రద్దీ పెరిగిందని అదే ఫైలుతో నాలుగు సర్వర్లు నడిపితే, అవి అడగగలిగినవి 120, దొరికేవి 97. ఫైలులో ఒక్క అక్షరం కూడా మారలేదు, అయినా నిన్నటి వరకు సరైన సంఖ్య నేడు తప్పైంది.

రహస్యం సంగతి

పాస్‌వర్డును ఎక్కడ దాచాలని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేస్తాను: ఇప్పుడు అది ఉన్న ఫైలును ఎవరెవరు చదవగలరు? జాబితా రాయమంటే మొదట అందరూ ముగ్గురు నలుగురి పేర్లు చెబుతారు. కాసేపటికి ఆ జాబితా పెరుగుతుంది.

మొదటగా రావలసినవాడు వెబ్‌సైటుకు వచ్చే అపరిచితుడే. కాన్ఫిగ్ ఫైలు ఉన్న ఫోల్డరు నుంచే వెబ్ సర్వరు పేజీలను కూడా వడ్డిస్తుంటే, ఆ ఫైలును ఎవరైనా పేరు పెట్టి అడిగితే ఏమవుతుందన్నది సర్వరును బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వరు ఐఐఎస్ వెబ్ డాట్ కాన్ఫిగ్‌ను ఎవరికీ ఇవ్వదు. అడిగినవారికి అలాంటిది లేదనే 404 జవాబే వస్తుంది. వర్డ్‌ప్రెస్ ఫైలు పీహెచ్‌పీ ప్రోగ్రాము కాబట్టి సర్వరు దాన్ని నడిపి ఫలితాన్ని ఇస్తుంది, ఫలితం ఖాళీ. అయితే ఈ రెండు రక్షణలూ ఫైలు పేరు మీద ఆధారపడినవి. మార్పు చేసే ముందు జాగ్రత్త కోసమని ఎవరో దాన్ని చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించి కాపీ చేసి పెట్టారనుకోండి, లేదా టెక్స్ట్ ఎడిటరు తనంతట తానే చివర ‘~’ గుర్తుతో పాత ప్రతిని వదిలిందనుకోండి, అది ఇక కాన్ఫిగ్ ఫైలు కాదు, పీహెచ్‌పీ కాదు, సర్వరు దృష్టిలో మామూలు పాఠం. అడిగినవారికి ఇచ్చేస్తుంది. జాగ్రత్తపరులే ఎక్కువగా చేసే పొరపాటు ఇది కావడం నాకు ఎప్పుడూ కొంత బాధ కలిగిస్తుంది.

లారావెల్‌లో డాట్ ఎన్వ్ ఫైలు ప్రాజెక్టు మొదటి ఫోల్డరులో ఉంటుంది, వెబ్ సర్వరు మాత్రం దాని లోపలి పబ్లిక్ అనే ఫోల్డరునే బయటికి చూపాలి. చవకైన షేర్డ్ హోస్టింగులో ఈ ఏర్పాటు తెలియక మొత్తం ప్రాజెక్టును బయటికి కనిపించే ఫోల్డరులోకి ఎక్కించేవారు ఉన్నారు. అప్పుడు సైటు చిరునామా చివర ఆ ఫైలు పేరు కొడితే చాలు, పాస్‌వర్డు తెర మీదికి వస్తుంది. ఇంటర్నెట్టులో ఆ పేరును ప్రతి సైటు దగ్గరా అడుగుతూ తిరిగే ప్రోగ్రాములు ఉన్నాయి; మీ సర్వరు యాక్సెస్ లాగ్ తెరిచి చూస్తే అవి తలుపు తట్టిన గుర్తులు మీకే కనిపిస్తాయి. వర్డ్‌ప్రెస్ తన కాన్ఫిగ్ ఫైలు సొంత ఫోల్డరులో దొరకకపోతే ఒక మెట్టు పైన కూడా వెతుకుతుంది కాబట్టి, దాన్ని అక్కడికి జరపవచ్చు. ఏ భాషలోనైనా మొదటి నియమం ఇదే: కాన్ఫిగ్ ఫైలు వడ్డించే ఫోల్డరుకు బయట ఉండాలి.

రెండవ వరుసలో గిట్ చదివేవారు వస్తారు: ఇప్పటి ఉద్యోగులు, వెళ్లిపోయినవారు, మూడు నెలలకు వచ్చిన కాంట్రాక్టు డెవలపర్లు, వారి ల్యాప్‌టాప్‌లు ఎవరి చేతికి చిక్కితే వారు. ఫైలును తీసేసి కొత్త కమిట్ వేస్తే, అంటే ఆ మార్పును గిట్‌లో నమోదు చేస్తే, సరిపోతుందన్న భ్రమ ఇంకా బలంగా ఉంది. గిట్ పని చరిత్రను నిలిపి ఉంచడమే. నిన్న తీసేసిన వరుస మొన్నటి కమిట్‌లో భద్రంగా ఉంటుంది. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో పేరు చేర్చినా, అప్పటికే గిట్ గమనిస్తున్న ఫైలుకు అది వర్తించదు. చరిత్రను తిరగరాసే పనిముట్లు ఉన్నాయి, కాని అప్పటికే దించుకున్నవారి ప్రతులను అవి ముట్టుకోలేవు. కాబట్టి గిట్‌లోకి ఒకసారి వెళ్లిన పాస్‌వర్డు బయటపడినట్టే లెక్క, దాన్ని మార్చడమే మందు. రిపాజిటరీ (గిట్‌లో కోడు ఉండే నిల్వ) ప్రైవేటు కదా అన్న ధీమా ఎంతవరకు నిలుస్తుందో 2016లో ఊబర్‌కు తెలిసివచ్చింది. ఆ సంస్థ ఇంజినీర్లు వాడే ప్రైవేటు గిట్‌హబ్ రిపాజిటరీలోకి చొరబడినవారికి అక్కడ అమెజాన్ క్లౌడ్ తాళంచెవులు దొరికాయి, వాటితో 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు తీసుకుపోయారు. సంస్థ ఆ సంగతి లోకానికి చెప్పింది 2017 నవంబరులో.

ఇక్కడే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల మాట వస్తుంది. ఇతరుల అప్లికేషన్లను తన సర్వర్ల మీద నడిపిపెట్టే హెరోకూ సంస్థలో పనిచేసిన ఆడమ్ విగ్గిన్స్ 2011 ప్రాంతంలో ముందుకు తెచ్చిన ‘ట్వెల్వ్ ఫాక్టర్’ సూత్రాలలో ఒకటి కాన్ఫిగరేషన్‌ను కోడు నుంచి పూర్తిగా వేరుచేసి, నడిచే యంత్రం పరిసరంలో ఉంచమంటుంది. దానికి ఆయన ఇచ్చిన గీటురాయి నాకు ఇప్పటికీ నచ్చుతుంది: ఈ క్షణాన మీ కోడునంతా లోకానికి తెరిచి పెట్టినా ఒక్క రహస్యం కూడా బయటపడకుండా ఉంటుందా? ఉంటే వేరుచేసినట్టే. ఈ సూత్రం గిట్ చిక్కును చక్కగా విప్పింది. కాని దాన్ని విన్నవారిలో చాలామంది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటేనే రహస్య స్థలం అన్నట్టు తీసుకున్నారు, ఆ మాట ఆయన అనలేదు.

పరిసరాన్ని చదివేవారు వేరు. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును మొదలుపెడితే తన పరిసరమంతా దానికి వారసత్వంగా ఇస్తుంది. ఫోటో చిన్నది చేయడానికి పిలిచిన పనిముట్టుకు కూడా డేటాబేసు పాస్‌వర్డు అందుతుంది. లినక్స్‌లో అదే యూజర్ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా, నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ప్రాక్ ఫోల్డరులో దాన్ని చదవగలదు. డాకర్ ఇన్‌స్పెక్ట్ అన్న ఒక్క ఆదేశం దాన్ని తెర మీద పరుస్తుంది. పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపే పీహెచ్‌పీఇన్ఫో పేజీని సర్వరు మీద మరిచిపోయి వదిలితే లోకమంతా చూస్తుంది. పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే జాంగోలో, లోపం వచ్చినప్పుడు వివరాలు చూపే డీబగ్ పేజీ మంచి ఉద్దేశంతోనే పాస్, సీక్రెట్, కీ, టోకెన్ వంటి ముక్కలు పేరులో ఉన్న సెట్టింగుల విలువలను నక్షత్రాలతో కప్పుతుంది. కాని చాలామంది పాస్‌వర్డుతో సహా మొత్తం చిరునామాను ‘డేటాబేస్_యూఆర్ఎల్’ అన్న పేరు కింద పెడతారు, ఆ పేరులో ఈ ముక్కల్లో ఒక్కటీ లేదు. ప్రొడక్షన్‌లో డీబగ్‌ను ఆపివేయమని అంతగా చెప్పేది ఇందుకే. ఫైలే మేలా, పరిసరమే మేలా అన్నదానికి నా జవాబు: యజమాని మాత్రమే చదవగల అనుమతులతో, వడ్డించే ఫోల్డరుకు బయట, గిట్‌కు బయట ఉన్న ఫైలు పరిసరం కంటే ఏమాత్రం తీసిపోదు. కంటైనర్లలో రహస్యాలను ఫైళ్లుగా తగిలించే పద్ధతి కూడా ఆ దారిలో వచ్చినదే.

అయితే ఎన్‌క్రిప్ట్ చేస్తే పోతుంది కదా అని అంటారు. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ఈ వసతి 2005 నాటి 2.0 వెర్షన్ నుంచీ ఉంది; ఒక ఆదేశంతో కనెక్షన్ స్ట్రింగ్స్ విభాగమంతా అర్థంకాని అక్షరాల ముద్దగా మారుతుంది, అప్లికేషన్ మాత్రం ఏ మార్పూ లేకుండా చదువుకుంటుంది. ఆ ‘మాత్రం’లోనే దాని హద్దు కూడా ఉంది. అప్లికేషన్ చదవగలుగుతోందంటే విప్పే తాళంచెవి అదే యంత్రంలో ఉంది. అప్లికేషన్ పేరుతో కోడు నడపగలిగినవాడు ఎవరైనా ఆ తాళంచెవిని వాడగలడు. మరి దీనివల్ల లాభం లేదా అంటే ఉంది. ఫైలు ఒక్కటే బయటికి పోయినప్పుడు, అంటే బ్యాకప్ డిస్కులో, ఈమెయిలులో, సపోర్టువారికి పంపిన జిప్‌లో పోయినప్పుడు, అది కాపాడుతుంది. ఇంటికి బీరువా ఉండడం, ఆ బీరువా తాళంచెవి అదే ఇంట్లో ఉండడం తెలిసినవారికి ఈ తేడా కొత్త కాదు.

వాల్ట్, క్లౌడ్ సంస్థల సీక్రెట్ మేనేజర్ల వంటివి రహస్యాన్ని ఫైలు నుంచి తీసి ఒక ప్రత్యేక సర్వరులో పెడతాయి. ఎవరు ఎప్పుడు చదివారో చిట్టా రాస్తాయి, మార్చడం తేలిక చేస్తాయి. కాని ఆ సర్వరు దగ్గరికి వెళ్లే అప్లికేషన్ తాను ఫలానా అని ఎలా రుజువు చేసుకోవాలి? మళ్లీ ఒక పాస్‌వర్డుతోనైతే, అది ఏ ఫైలులో? ఈ గొలుసును తెంచే దారి ఒక్కటే, రుజువును అప్లికేషన్ మోయకుండా అది నడిచే వేదికే ఇవ్వడం. విండోస్ ప్రపంచంలో ఇది పాత సంగతే: ఇంటిగ్రేటెడ్ సెక్యూరిటీ అని రాస్తే సర్వీసు నడుస్తున్న విండోస్ ఖాతా పేరే గుర్తింపు అవుతుంది, స్ట్రింగ్‌లో పాస్‌వర్డు ఉండదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో మేనేజ్డ్ ఐడెంటిటీ ఆ పనే చేస్తుంది. అమెజాన్ క్లౌడ్ డేటాబేసు సేవ ఆర్‌డీఎస్‌లో ఐఏఎం అనే గుర్తింపు పద్ధతి వాడితే పాస్‌వర్డు స్థానంలో 15 నిమిషాలకు చెల్లిపోయే టోకెన్ వస్తుంది. అప్పుడు కాన్ఫిగ్ ఫైలులో మిగిలేవి చిరునామా, నడవడి మాత్రమే, దాన్ని నిశ్చింతగా గిట్‌లో పెట్టవచ్చు. పది మంది ఉన్న కార్యాలయానికి సొంతంగా వాల్ట్ నడపడం మోయలేని బరువని నా అభిప్రాయం. వేదిక ఇచ్చే గుర్తింపు దొరికే చోట అది వాడుకోవాలి, దొరకని చోట సరైన అనుమతులున్న ఫైలు చాలు.

ఎక్కడ పెట్టినా, ఆ పాస్‌వర్డు ఎంత చేయగలదన్నది వేరే ప్రశ్న. తూకాలు రాసే వెబ్ పేజీకి టేబుళ్లను తొలగించే హక్కు అక్కరలేదు, రిపోర్టుల పేజీకి రాసే హక్కే అక్కరలేదు. ఎస్ఏ, రూట్ వంటి సర్వాధికార ఖాతాలు కనెక్షన్ స్ట్రింగ్‌లో కనిపించినప్పుడు దాన్ని ఎక్కడ దాచారన్న చర్చ నేను మొదలుపెట్టను. ముందు ఖాతా మార్చమంటాను.

మధ్యలో ఒక చిన్న సంగతి, దీని వల్ల పోయిన రాత్రులు చాలా ఉన్నాయి కనుక. మా ఊళ్లో అప్పన్న పేరు తగలని పాస్‌వర్డు అరుదు. ఆ పేరు పక్కన ఒక ‘@’, నాలుగు అంకెలు తప్పనిసరి. ఆ పాస్‌వర్డును యూఆర్ఎల్ రూపంలో ఉన్న చిరునామాలో అలాగే రాస్తే, అక్కడ ‘@’ గుర్తుకు సర్వరు పేరు మొదలవుతుందన్న అర్థం ఉంది కాబట్టి దాన్ని %40 అని రాయాలి. వెబ్ డాట్ కాన్ఫిగ్ వంటి ఎక్స్ఎంఎల్ ఫైలులో ‘&’ గుర్తును విడిగా రాస్తే ఫైలే చెడిపోయి ఐఐఎస్ 500.19 లోపం చూపిస్తుంది. సెమీకోలన్ ఉన్న పాస్‌వర్డును కోట్ గుర్తుల మధ్య పెట్టకపోతే సగంలోనే తెగిపోతుంది. డాట్ ఎన్వ్‌లో ఖాళీ తరువాత వచ్చే ‘#’ నుంచి మిగతాదంతా వ్యాఖ్యగా పోతుంది. పాస్‌వర్డు తప్పని డేటాబేసు అంటున్నప్పుడు అది నిజంగా తప్పై ఉండకపోవచ్చు.

చట్టం కూడా ఇప్పుడు ఈ ఫైలు వైపు చూస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తుల వివరాలకు తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతోంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి చొరబాట్లను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. తూకాల అప్లికేషన్‌లో రైతుల పేర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి.

ఇక మా పాస్‌వర్డు. గిట్‌లోకి వెళ్లింది కనుక మార్చక తప్పదు. మార్చడమంటే అంతవరకు మేము అనుకున్నది, ఒక రాత్రి డేటాబేసులో కొత్తది పెట్టి, వెంటనే కాన్ఫిగ్‌లో కూడా మార్చడం. ఇందులో ఒక ఉచ్చు ఉంది. పాస్‌వర్డు మార్చినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగవు. పూల్‌లోని పాతవి హాయిగా పనిచేస్తూనే ఉంటాయి, కాబట్టి ఏదైనా ఫైలును మరిచిపోయినా ఆ క్షణాన తెలియదు. ఆ కనెక్షన్లు వయసు తీరి మూసుకొని, కొత్తవి తెరవబోయినప్పుడు, అంటే మనం ఇంటికి వెళ్లి పడుకున్నాక, తెలుస్తుంది. అందుకని ఒక లాగిన్ బదులు ఒకే హక్కులున్న రెండు లాగిన్లు పెట్టుకున్నాము. పాతది అలాగే పనిచేస్తుండగా కొత్తది తయారుచేసి, ఒక్కొక్క సర్వరులో కాన్ఫిగ్ మార్చి, పోస్ట్‌గ్రెస్ చూపించే ప్రస్తుత కనెక్షన్ల పట్టికలో పాత పేరు తగ్గుతూ రావడం గమనించాము. సాయంత్రం ఐదింటికి పాత పేరు ఒక్కటీ లేదు.

కనెక్షన్లన్నింటినీ లాగ్‌లో రాయమని డేటాబేసుకు చెప్పి ఆ రాత్రికి వదిలేశాము. మరునాడు ఉదయం లాగ్‌లో రాత్రి 2 గంటలకు పాత పేరు ఒక్కసారి కనిపించింది. బ్యాకప్ తీసే స్క్రిప్టు, మూలనున్న పాత యంత్రంలో, ఎవరికీ గుర్తులేని తన సొంత పాస్‌వర్డు ప్రతితో. దాన్ని కొత్త లాగిన్‌కు మార్చి, స్క్రిప్టులోంచి పాస్‌వర్డు తీసి, పోస్ట్‌గ్రెస్ పనిముట్లు తామే వెతుక్కొనే పీజీపాస్ ఫైలులో పెట్టాము. మొదటిసారి అది పనిచేయలేదు. ఆ ఫైలును యజమాని తప్ప మరొకరు చదవగలిగేలా ఉంచితే పోస్ట్‌గ్రెస్ దాన్ని అసలు పట్టించుకోదు. అనుమతి 0600 చేశాక పనిచేసింది. ఇంకో మూడు రాత్రులు లాగ్ చూసి, పాత లాగిన్‌ను మూసివేశాము.